బండిని వెనక్కి పిలిచారా? ఉద్యోగం అక్కడే ఉంది

‘ఛార్జింగ్ పెట్టకండి. ఇంటికీ, పక్క బండ్లకూ దూరంగా ఆపండి.’ జీప్ కంపెనీ తన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండ్లు కొన్నవాళ్లకు 2025 నవంబరులో అమెరికాలో చెప్పిన మాటల సారాంశం ఇది. రాంగ్లర్ ఫోర్ బై ఈ, గ్రాండ్ చెరోకీ ఫోర్ బై ఈ అనే రెండు మోడళ్లూ కలిపి అక్కడ ఒక్కచోటే 3,20,065 బండ్లు. బ్యాటరీలో మంటలు లేచే ప్రమాదం ఉందని వాటన్నిటినీ రీకాల్ చేశారు, అంటే వెనక్కి పిలిచారు.

‘ఐనవిల్లిలో కూర్చుని క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం చూస్తున్న మాకు అమెరికా జీపుతో ఏం పని?’ అంటారా? పని ఉంది. మన కోనసీమలో వీధికొకరైనా అమెరికాలో ఉంటారు. ఆ మూడు లక్షల పైచిలుకు గ్యారేజీల్లో మన అన్నయ్యదో, బావగారిదో ఒకటి ఉండొచ్చు. అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. బీటెక్ అయినా, డిప్లొమా అయినా, ఐటీఐ అయినా పూర్తిచేసి ఈవీ రంగంలోకి వెళ్దామనుకుంటున్న మీకు అసలు పని ఎక్కడ దొరుకుతుందో, ఆ పనిలో మీ సంతకం విలువెంతో రీకాల్ నోటీసులు చెప్పినంత సూటిగా ఏ కెరీర్ గైడెన్స్ సెమినారూ చెప్పదు.

ముందు ఒక చిన్న తేడా తెలుసుకోండి. ఇంటర్వ్యూల్లో చాలామంది ఇక్కడే తడబడతారు. మన రోడ్ల మీద హైబ్రిడ్ పేరుతో తిరుగుతున్న గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్‌లకు ప్లగ్ ఉండదు. వాటి చిన్న బ్యాటరీని ఇంజినూ, బ్రేకులూ కలిసి నింపుతాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజిను ఎలాగూ ఉంటుంది, దానితోపాటు ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే పెద్ద బ్యాటరీ కూడా ఉంటుంది. జీపులో ఉన్నది సుమారు 17 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. మీ ఇంటి ముందున్న ఎలక్ట్రిక్ స్కూటర్‌లో రెండు నుంచి నాలుగు యూనిట్లు పడుతుంది. పరిమాణం వేరైనా లోపలి సెల్లులు ఒకే జాతివి, అవి అంటుకునే తీరూ ఒకటే.

ఆ తీరు ఇదీ. లిథియం అయాన్ సెల్లులో ప్లస్ పొరకీ మైనస్ పొరకీ మధ్య సెపరేటర్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మందం వెంట్రుకలో మూడో వంతో, నాలుగో వంతో. మన ఆత్రేయపురం పూతరేకు చుట్టడం చూశారుగా, ఒక్క రేకు మడతపడినా, చిరిగినా లోపలి నెయ్యీ పంచదారా బయటికొస్తాయి. సెల్లులో ఆ పొర చిరిగితే ప్లస్సూ మైనస్సూ తాకి, అక్కడే షార్ట్ సర్క్యూట్ అయి వేడి పుడుతుంది. ఆ వేడికి రసాయనాలు విడిపోయి ఇంకా వేడిని పుట్టిస్తాయి. కొంత దాటాక ఆ వేడిని ఆపడం ఎవరి వల్లా కాదు. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్లు నుంచి పక్క సెల్లుకి, దాన్నుంచి ప్యాక్ మొత్తానికి పాకుతుంది. పైకి మంట ఆరినట్టు కనిపించినా లోపల వేడి మిగిలితే మళ్లీ రాజుకుంటుంది. అందుకే ఫైర్ సిబ్బంది గంటల తరబడి నీళ్లు కొడుతూ చల్లబరుస్తారు.

జీపు బండ్లలో దొరికిన లోపం కూడా సెపరేటర్ దెబ్బతినడమే. ఆ సెల్లులు శామ్‌సంగ్ ఎస్‌డీఐవి. వెనక్కి పిలిచిన బండ్లలో లోపం ఉండే అవకాశం సుమారు 5 శాతమని కంపెనీయే అంచనా వేసింది. మరి మిగతా 95 శాతం బండ్లను ఎందుకు పిలిచినట్టు? ఏ బండిలో చెడ్డ సెల్లు ఉందో బయటినుంచి చూసి చెప్పలేరు గనుక. ఇంకో సంగతి ఉంది. ఈ బండ్లలో కొన్నిటికి ఇది మొదటి రీకాల్ కాదు. 2023లో 32 వేల పైచిలుకు రాంగ్లర్లను పిలిచారు. 2024లో రెండు మోడళ్లవీ కలిపి లక్షన్నర పైచిలుకు పిలిచి, బ్యాటరీలో తేడాను పసిగట్టే సాఫ్ట్‌వేర్ వేశారు, అవసరమైనవాటికి బ్యాటరీ మార్చారు. అలా బాగుచేసి పంపిన బండ్లలోనూ కొన్ని అంటుకున్నాయి. దాంతో 2025లో మూడోసారి పిలవాల్సి వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కంపెనీకి చవకైన మందు. వర్క్‌షాపులో ల్యాప్‌టాప్ తగిలించి అరగంటో గంటో పని చేస్తే సరిపోతుంది, ఒక్కో బ్యాటరీకి లక్షలు పెట్టక్కర్లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది వోల్టేజీ, కరెంటు, ఉష్ణోగ్రత మాత్రమే. సెల్లు మడతలో దాక్కున్న చిరుగు ఆ మూడింట్లో తేడాగా కనబడేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోతుంది. కోడింగ్ వచ్చినవాళ్లంతా ఐటీలోకే వెళ్లాలనుకునే మన పిల్లలకు ఇది చాలా పెద్ద ప్రశ్న: ఏ కొలతలు చూస్తే చిరుగును ముందే పట్టుకోవచ్చు? దీనికి సరైన జవాబు కోసం ప్రపంచంలోని ప్రతి కార్ల కంపెనీ డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉంది.

షెవర్లే బోల్ట్ కథ ఇంకా ఖరీదైనది. అది పూర్తి ఎలక్ట్రిక్ కారు. 2020 నవంబరులో జనరల్ మోటార్స్ సుమారు 68 వేల కార్లను పిలిచింది. కొరియాలోని ఒక ప్లాంటులో తయారైన సెల్లులదే సమస్య అని మొదట్లో అనుకున్నారు. సాఫ్ట్‌వేర్ వేయించుకున్న కార్లూ అంటుకోవడంతో మళ్లీ తవ్వారు. అప్పుడు తేలింది, ఒకే సెల్లులో రెండు లోపాలు కలిసినప్పుడు ప్రమాదమని: ఒకటి చిరిగిన యానోడ్ ట్యాబ్, రెండోది మడతపడిన సెపరేటర్. ఆ లోపాలు మిగతా ప్లాంట్ల సెల్లుల్లోనూ ఉండొచ్చని తేలింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ తయారైనవి మాత్రమే అని గీత గీయలేకపోయారు. 2021 ఆగస్టుకల్లా అప్పటిదాకా తయారైన బోల్ట్ కార్లన్నీ, అంటే దాదాపు 1.42 లక్షలు, రీకాల్ కిందికి వచ్చాయి. ఖర్చు 200 కోట్ల డాలర్లు. అందులో 190 కోట్ల డాలర్ల దాకా సెల్లులు ఇచ్చిన ఎల్‌జీ భరించాల్సి వచ్చింది.

ఆ గీత దగ్గర కాసేపు ఆగుదాం. ఫలానా సెల్లు ఏ రోజు, ఏ మెషీను మీద తయారై, ఏ ప్యాక్‌లోకి, ఏ ఛాసిస్ నంబరు బండిలోకి వెళ్లిందో రికార్డు ఉండటాన్ని ట్రేసబిలిటీ అంటారు. రికార్డు సరిగ్గా ఉండి, లోపం ఎక్కడ మొదలైందో దొరికితే వెయ్యి బండ్లు పిలిస్తే చాలు. రికార్డులో ఖాళీలుంటే లక్ష బండ్లు పిలవాలి, లేదా వెయ్యే పిలిచి మిగతావాటి గురించి దేవుడికి దండం పెట్టుకోవాలి. ఆ రికార్డు రాసేది మేనేజింగ్ డైరెక్టర్ కాదు, లైన్ మీద షిఫ్టులో ఉన్న జూనియర్ ఇంజినీరు. అంటే రేపు మీరే.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి రండి. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమ కొత్త జిల్లా అయింది. అదే నెలలో తెలుగు నేలమీద ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇళ్లల్లో పేలాయి. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన ప్యూర్ ఈవీ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే విజయవాడ సూర్యారావుపేటలో మరొకటి. ముందు రోజే కొన్న స్కూటరట. బూమ్ మోటార్స్‌ది. బ్యాటరీని రాత్రి పడగ్గదిలో ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున అది పేలి ఇంటి యజమాని చనిపోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అంతకు నెల ముందు వెల్లూరులో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటరు అంటుకుని, ఆ పొగకి ఊపిరాడక తండ్రీ కూతురూ పోయారు.

ఆ ఏప్రిల్‌లోనే పది రోజుల తేడాలో మూడు కంపెనీలు బండ్లను వెనక్కి పిలిచాయి. ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441. ప్యూర్ ఈవీ ఎక్కడో విదేశాల నుంచి వచ్చింది కాదు, ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన స్టార్టప్. మన క్యాంపస్‌లోంచే వచ్చిన కంపెనీ కదా అని ఎవరూ వదిలేయలేదు, వదిలేయకూడదు కూడా. లోపమున్న బ్యాచ్‌లను కంపెనీలు తమంతట తామే వెంటనే వెనక్కి పిలవాలని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఆ నెలలోనే చెప్పారు. తర్వాత వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నరసింగరావు నేతృత్వం వహించారు. దాని ఫలితమే ఏఐఎస్-156 ప్రమాణానికి వచ్చిన సవరణలు. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్యాక్‌లో ఒక సెల్లు అంటుకుంటే ఆ మంట మిగతావాటికి పాకే తీరుపై పరీక్ష, వేడెక్కితే శబ్దంతో, లైటుతో హెచ్చరిక, నీళ్లు చొరబడకుండా ఐపీఎక్స్-7 రక్షణ, ట్రేసబిలిటీ అన్నీ అందులో ఉన్నాయి. ఐపీఎక్స్-7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క వెళ్లకూడదు. ఏటా గోదారి వరదల్లో లంక ఊళ్లకి నీళ్లొచ్చే మనకి ఈ అంకె ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 110-ఏ సెక్షన్ కింద లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తుంది. ప్రభుత్వం ఆదేశించాక పిలవాల్సి వస్తే కంపెనీకి బండ్ల రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. బోల్ట్‌కి అయిన ఖర్చు పక్కన పెట్టి చూస్తే కోటి రూపాయలు పెద్ద కంపెనీకి లెక్కలోకే రాదు. ఈ అంకె పెరగాలని నా వాదన.

జరిమానా కన్నా అసలు జబ్బు వేరే చోట ఉంది. చిన్న తేడా కనిపించినప్పుడు ‘పర్లేదులే’ అనుకోవడం. ఈ మాట ఖరీదు కోనసీమకు ఒకరు నేర్పక్కర్లేదు. 2014 జూన్ 27న మన నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. తడి లేని గ్యాస్ కోసం వేసిన పైపులో నీటితో కూడిన గ్యాస్ నడిపారని, లోపల తుప్పు తినేసిందని విచారణల్లో తేలింది. అంతకుముందే లీకులు రావడం, పైపైన అతుకులు వేయడం జరిగింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు గోల పెట్టారు. పైపైన వేసిన అతుకుకీ, చిరిగిన సెల్లు మీద వేసిన సాఫ్ట్‌వేర్‌కీ నాకు పెద్ద తేడా కనబడదు.

అందుకే రీకాల్ చేసిన కంపెనీని చూసి ‘ఛీ, పనికిమాలిన కంపెనీ’ అనేయకండి. ఎవరూ పిలవని కంపెనీల్లో కొన్నిటికి అసలు లోపమే లేకపోవచ్చు, కొన్నిటికి వెతికే అలవాటే లేకపోవచ్చు. బయటినుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఉద్యోగానికి వెళ్లే మీకు ఆ తేడా పట్టుకోవడం అవసరం. ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు కదా, అప్పుడు జీతం, బాండ్ గురించే అడిగి ఊరుకోకండి. ‘సార్, మీ ప్యాక్ సీరియల్ నంబరు నుంచి సెల్లు బ్యాచ్ దాకా వెనక్కి వెళ్లి చూడొచ్చా?’ అని అడగండి. ‘టెస్టులో ఫెయిలైన ప్యాక్‌ని ఆపే అధికారం క్వాలిటీ వాళ్లకు ఉందా, ప్రొడక్షన్ హెడ్‌కి ఉందా?’ అని అడగండి. ఎదుటి మనిషి ఉత్సాహంగా చెప్తే అక్కడ నేర్చుకోవడానికి చాలా ఉన్నట్టు. మొహం చిట్లిస్తే అదీ ఒక జవాబే.

ఇక ఉద్యోగాలు. ఈవీ అనగానే మన కాలేజీల్లో అందరూ డిజైన్ అంటారు, మోటారు డిజైన్, బాడీ డిజైన్ అని. అక్కడ సీట్లు తక్కువ. లోపాన్ని వెతికే వైపు మనుషులు ఎక్కువ కావాలి: సెల్లు ఇన్‌స్పెక్షన్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ టెస్టింగ్, కాలిపోయిన ప్యాక్‌ని విప్పి కారణం చెప్పే ఫెయిల్యూర్ అనాలిసిస్, ధ్రువీకరణ పరీక్షలకు బండిని సిద్ధం చేసే హోమోలోగేషన్, సర్వీస్ సెంటర్లో డయాగ్నస్టిక్స్. మెకానికల్, ఈఈఈ, ఈసీఈ, కెమికల్.. అన్ని బ్రాంచీలకూ చోటుంది. కెమికల్ వాళ్లు రిఫైనరీ వైపు తప్ప ఇటు చూడరు, అదే నాకు ఆశ్చర్యం. సెల్లు అంటే మొత్తం కెమిస్ట్రీయే కదా. సీఎస్‌ఈ వాళ్లకైతే లక్షల బండ్ల నుంచి వచ్చే బ్యాటరీ డేటాలో తేడాగా ఉన్న ఒక్క బండిని పట్టుకునే పని ఉంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ వస్తే మొదలుపెట్టొచ్చు.

ఫ్యాక్టరీలు కూడా మరీ దూరం కాదు. లిథియం సెల్లుల తయారీకి తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ ప్లాంటు పెట్టింది. మన గల్లా వారి అమరరాజా తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని చెప్పి 2023 మేలో శంకుస్థాపన చేసింది.

ప్రాజెక్టు కావాలా? డబ్బులిచ్చి అమీర్‌పేట నుంచి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకోవడం మానేసి ఇది చేయండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ దగ్గర ప్రతి రీకాల్‌కీ కంపెనీ ఇచ్చిన నివేదిక ఉచితంగా దొరుకుతుంది. అందులో లోపమేంటి, ఎన్ని బండ్లు, ఎంత శాతం అనుమానం, ఏ రోజు ఏం తెలిసింది, ఏ రోజు ఏ నిర్ణయం తీసుకున్నారు అన్నీ తేదీలవారీగా ఉంటాయి. జీపుది, బోల్ట్‌ది, వాటితో పాటు ఇంకొక ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ది, క్రైస్లర్ పసిఫికాది తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో 12 మంటల తర్వాత 16,741 పసిఫికాలను పిలిచారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, మొదటి మంటకీ రీకాల్‌కీ మధ్య ఎన్నాళ్లు పట్టింది, మొదట వేసిన మందు ఎందుకు పని చేయలేదు అని పది పేజీలు రాయండి. క్వాలిటీ వాళ్లు వాడే ‘ఫైవ్ వై’, ‘ఎయిట్ డీ’ పద్ధతుల్లో రాస్తే ఇంకా మంచిది. బ్యాటరీల మీద ఎన్‌పీటీఈఎల్ కోర్సులున్నాయి, వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. రెస్యూమెలో ‘ఈవీ మీద ఆసక్తి’ అని ఒక లైన్ రాసేవాళ్లు వందల్లో ఉంటారు, ఆ పది పేజీలు పట్టుకెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

ఒక్క మాట. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే ఒక రోజు వస్తుంది. నెలాఖరు. డిస్పాచ్ టార్గెట్ మిగిలిపోయి ఉంటుంది. పది ప్యాకుల టెస్టు రీడింగు కొంచెం అటూ ఇటుగా ఉంటుంది. ‘ఏం కాదులే తమ్ముడూ, సంతకం పెట్టేయ్, మళ్లీ చూద్దాం’ అని సీనియర్ ఒకాయన భుజం తడతాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. మీకేమో ఊళ్లో కట్టాల్సిన చదువు లోను, పెళ్లీడుకొచ్చిన అక్క. అప్పుడు సంతకం పెట్టకుండా ఆగడానికి ధైర్యం ఒక్కటే చాలదు, మాట కూడా రావాలి. ‘నేను ఆపట్లేదు సార్, ఈ పది నంబర్లూ హోల్డ్‌లో రాసి మెయిల్ పెడతాను, మీరు రిలీజ్ చేయమని రాసిస్తే చేస్తాను’ అనండి. గొడవ పడకుండా రికార్డు మిగుల్తుంది. ఇలాంటప్పుడు నోటిమాటగా చెప్పినవాళ్లలో చాలామంది రాసివ్వరు, ప్యాకులు మళ్లీ టెస్టుకెళ్తాయి. ఉద్యోగం పోతుందా? పోవచ్చు కూడా, అలా పోదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆ పదిలో ఒకటి ఏ పడగ్గదికి వెళ్తుందో మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు.

ఐనవిల్లి వినాయకుడి గుడిలో పరీక్షల ముందు స్వామివారి దగ్గర పూజ చేసిన పెన్నులు పిల్లలకి పంచుతారు. మీలో చాలామంది దగ్గర అది ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఆ పెన్ను తీసుకుని మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ దగ్గరికి వెళ్లండి. ఛాసిస్ నంబరు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు, తయారీ నెల రాసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే మరీ ముఖ్యం, రీకాల్ ఉత్తరం పాత యజమాని ఇంటికే వెళ్తుంది కాబట్టి. కంపెనీ సర్వీస్ నంబరుకి ఫోన్ చేసి ఈ బ్యాచ్ మీద ఏదైనా రీకాల్ ఉందా అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే వాహన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాటరీ ఉబ్బినట్టున్నా, నీళ్లలో మునిగినా, బయట షాపులో విప్పి సెల్లులు మార్పించినా ఛార్జింగ్ ఆపించి సర్వీస్ సెంటరుకి పంపండి. మామూలు బ్యాటరీ అయినా పడగ్గదిలో, గుమ్మానికి అడ్డంగా, తాటాకు పాక కింద ఛార్జింగ్ పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చజెప్పండి. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదుగా’ అంటారు. అన్నా సరే, ప్లగ్ మాత్రం వరండాలోకి మార్పించండి.